లెక్కల టీచరే పాటల బృందాన్నీ నడిపితే

బడిలో ఒకే మనిషి ఉదయం లెక్కలు చెప్పి, సాయంత్రం గాయక బృందాన్ని నడిపిస్తున్నారంటే చాలామందికి అది సర్దుబాటులాగే కనిపిస్తుంది. ఎవరూ దొరక్క ఉన్నవాళ్లకే అప్పగించారనుకుంటారు. మా అభిప్రాయం వేరు. ఈ రెండు పనులూ కలిసిన ఉద్యోగం బడికి మంచిది, పిల్లలకు ఇంకా మంచిది. అయితే దాన్ని రెండు పనుల ఉద్యోగమని కాగితం మీద రాయాలి, టైం టేబుల్లో అందుకు తగ్గ గంటలు ఇవ్వాలి.

ముందుగా ఒక వాదనను పక్కన పెడుతున్నాం. సంగీతం నేర్పితే లెక్కల్లో మార్కులు పెరుగుతాయని చాలాకాలంగా ప్రచారం ఉంది. 1993లో వచ్చిన ఒక పరిశోధన దానికి బాగా ఊపునిచ్చింది. అందులో కాలేజీ విద్యార్థులు పది నిమిషాలు మొజార్ట్ సంగీతం విన్నాక ఆకారాలకు సంబంధించిన కొన్ని పరీక్షల్లో కాస్త మెరుగ్గా చేశారు. ఆ ప్రభావం పావుగంట కూడా నిలవలేదు. పైగా వాళ్లు విన్నారే తప్ప నేర్చుకోలేదు. సంగీత శిక్షణ మీద తర్వాత జరిగిన ప్రయోగాలను గట్టిగా జల్లెడ పట్టినవాళ్లకు చదువులో చెప్పుకోదగ్గ లాభం కనిపించలేదు. మార్కుల ఆశ చూపించి సంగీతాన్ని బడిలోకి తెస్తే, మార్కులు పెరగని రోజున అదే కారణంతో బయటకు పంపేస్తారు. సంగీతం సంగీతం కోసమే బడిలో ఉండాలి.

మరి ఇద్దరి పనీ ఒక్కరే ఎందుకు చేయాలి? రెండూ లోతుగా తెలిసినవాళ్లు చెప్పే పాఠమే వేరుగా ఉంటుంది. తీగ పొడవును సగం చేస్తే పై షడ్జమం (ఒక స్థాయి పైన ఉండే ‘స’) పలుకుతుంది, మూడింట రెండు వంతులు ఉంచితే పంచమం (‘ప’) పలుకుతుంది. పైథాగరస్ పేరు మీద ఇంతవరకు అందరూ చెబుతారు. అసలు రుచి దాని తర్వాత ఉంది. పంచమానికి పంచమం, దానికి మళ్లీ పంచమం అంటూ పన్నెండు మెట్లు ఎక్కితే, ఏడు స్థాయిల పైన మొదటి స్వరమే రావాలనిపిస్తుంది. రాదు. పంచమం ఎక్కిన ప్రతిసారీ తీగ కంపనాల వేగం ఒకటిన్నర రెట్లు, స్థాయి ఎక్కిన ప్రతిసారీ రెండు రెట్లు అవుతుంది. ఒకటిన్నర పన్నెండో ఘాతం దాదాపు 129.75, రెండు ఏడో ఘాతం 128. ఈ రెండూ కలవాలంటే మూడు పన్నెండో ఘాతమూ రెండు పంతొమ్మిదో ఘాతమూ సమానం కావాలి. కానీ మూడును మూడుతో ఎన్నిసార్లు హెచ్చించినా వచ్చేది బేసి సంఖ్య, రెండును రెండుతో హెచ్చిస్తే వచ్చేది సరి సంఖ్య. ఏనాటికీ కలవవు. ఘాతాంకాలు చదివే పిల్లలందరికీ అందే నిరూపణ ఇది. కీబోర్డులో ఈ తేడాను పన్నెండు మెట్లకూ సమానంగా పంచారు, అందుకే దాని పంచమం శుద్ధ పంచమం కన్నా రవ్వంత దిగువన ఉంటుంది. శ్రుతి పట్టుకోవడం నేర్చిన పిల్లలు ఈ లెక్కను చెవితో సరిచూసుకోగలరు.

కర్ణాటక సంగీతంలో మూల రాగాలైన మేళకర్తలు 72 అని బట్టీ పట్టించనక్కర్లేదు. రి, గలకు కలిపి నాలుగు స్థానాలుంటే అందులో రెండింటిని ఎంచుకునే విధాలు 6. ద, నిలకూ 6. మధ్యమాలు 2. హెచ్చిస్తే సరిపోయింది. ఒక మాత్ర లఘువులు, రెండు మాత్రల గురువులతో పద్యంలో ఒక పాదాన్ని ఎన్ని రకాలుగా నింపవచ్చో జైన పండితుడు హేమచంద్రుడు 12వ శతాబ్దంలోనే లెక్కగట్టాడు. పాదంలో మాత్రలు ఒక్కొక్కటిగా పెరిగేకొద్దీ వచ్చే వరుస ఇది: 1, 2, 3, 5, 8, 13. ఇదే వరుసకు తన పేరు వచ్చిన ఇటలీ గణితజ్ఞుడు ఫిబొనాచీ పుస్తకం వచ్చింది 1202లో. చప్పట్లు కొడుతూ తరగతి మొత్తం ఈ వరుసను స్వయంగా కనిపెట్టవచ్చు.

వీటన్నిటికన్నా మాకు పెద్దదిగా తోచే కారణం ఇంకొకటి ఉంది. రిహార్సల్లో తప్పు దాగదు. ఒక గొంతు శ్రుతి తప్పితే అందరికీ వినిపిస్తుంది. టీచర్ ఆపుతారు, తప్పిన రెండు ఆవర్తనాలనే (తాళం చుట్లనే) నెమ్మదిగా మళ్లీ పాడిస్తారు, కుదిరాక మామూలు వేగానికి తెస్తారు. తప్పు చేసినవాళ్లకు అక్కడికక్కడే దిద్దుకునే అవకాశం దొరుకుతుంది కాబట్టి సిగ్గు మిగలదు. లెక్కల నోట్‌బుక్‌లో చేసిన తప్పు వారం తర్వాత ఎర్ర సిరాతో తిరిగొస్తుంది, అప్పటికి పాఠం దాటిపోయి ఉంటుంది. లెక్కలంటే టెన్షన్ చాలావరకు ఇక్కడే మొదలవుతుందని మా నమ్మకం. రోజూ రిహార్సల్ నడిపే మనిషి లెక్కల క్లాసుకూ ఆ అలవాటుతోనే వస్తారు. ప్లస్ మైనస్‌గా మారాల్సిన ఆ ఒక్క వరుస దగ్గర ఆపి, దాన్నే మళ్లీ చేయిస్తారు.

ఇంకో సంగతి. లెక్కల్లో వెనకబడిన పిల్ల ఏడక్షరాల తాళాన్ని తడబడకుండా నడిపిస్తుంటుంది. ఇద్దరు టీచర్లున్న చోట ఈ కబురు స్టాఫ్ రూమ్‌లో ఒకరి నుంచి ఒకరికి చేరితే చేరుతుంది, లేకపోతే లేదు. రెండు చోట్లా తనను చూసే టీచర్ ‘ఈ పిల్లకు లెక్కలు రావు’ అని అంత తేలిగ్గా అనలేరు.

ఇక భారం సంగతి. పరీక్షలూ కచేరీలూ టర్మ్ చివర్లో ఒకేసారి వచ్చి పడతాయి. పేపర్లు దిద్దాలి, వాద్యాలు శ్రుతి చేయాలి, ఎవరి భాగం వాళ్లకు రాసివ్వాలి. బడి వదిలాక జరిగే రిహార్సల్‌ను పని కింద లెక్కపెట్టే యాజమాన్యాలు తక్కువ. అంతకన్నా పెద్ద ప్రమాదం, పరీక్షలు దగ్గరపడగానే సంగీతం పీరియడ్‌ను లెక్కల రివిజన్‌కు వాడేయడం. రెండింటికీ టీచర్ ఒక్కరే కాబట్టి అడ్డుచెప్పేవాళ్లుండరు. అందుకే సంగీతం పీరియడ్లు ఎన్నో నియామక పత్రంలోనే రాయాలి. రిహార్సల్ గంటలు బోధన గంటల్లోకి రావాలి. పరీక్షల నెలలో కచేరీ పెట్టకూడదు.

చిన్న బడుల్లో సంగీతం ఒక్కటే చెబితే టీచర్‌కు పూర్తి టైం టేబుల్ నిండదు. దాంతో వాళ్లు రెండు మూడు బడుల మధ్య తిరుగుతూ పార్ట్ టైం జీతంతో నెట్టుకొస్తారు, లేదంటే బడే సంగీతాన్ని వదిలేస్తుంది. లెక్కలతో కలిపితే ఒకే బడిలో పూర్తి ఉద్యోగం అవుతుంది. అలాగని కాస్త పాడగలిగే లెక్కల టీచర్‌కు బృందాన్ని అప్పగించేయమని మేం అనడం లేదు. నలభై గొంతులను ఒక శ్రుతిలో నిలబెట్టడం ప్రత్యేకంగా నేర్చుకోవాల్సిన విద్య.

ఉపాధ్యాయ శిక్షణలో గణితాన్నీ సంగీతాన్నీ కలిపి ఎంచుకునే వీలుండాలి. ప్రాక్టీస్ టీచింగ్‌లో సగం నల్లబల్ల దగ్గర, సగం రిహార్సల్ గదిలో జరగాలి. ఇప్పటికే రెండు పనులూ చేస్తున్న టీచర్లు ఉన్నారు. ఆ శిక్షణ ఎలా ఉండాలో ముందుగా వాళ్లనే పిలిచి అడగాలి.