కోర్టు కాగితం అడగకుండా అమ్మనో నాన్ననో స్కూలు గేటు దగ్గర ఎలా ఆపుతారు?

విడిగా ఉంటున్న భార్యాభర్తల్లో ఒకరు స్కూలు ఆఫీసుకి ఫోన్ చేసి "వాళ్ల నాన్న వస్తే లోపలికి రానివ్వకండి" అంటే చాలు, నేను పనిచేసిన ప్రైవేటు స్కూళ్లు ఆ మాటని కోర్టు తీర్పులాగా అమలు చేసేస్తున్నాయి. కాగితం అడగరు. కేసు ఏ దశలో ఉందో అడగరు. అసలు కేసంటూ ఉందో లేదో కూడా అడగరు. విశాఖలో ఇన్నేళ్లుగా టీచర్‌గా ఉంటూ ఇది చూసి చూసి కడుపు మండి రాస్తున్నాను, కాస్త పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

మొన్న పేరెంట్స్ మీటింగ్ రోజు ఒకాయన నైట్ షిఫ్ట్ దిగి గాజువాక నుంచి బండి మీద నేరుగా వచ్చేశాడు, ఒంటి మీద ఇంకా డ్యూటీ చొక్కానే ఉంది. మూడో తరగతి చదివే కూతురి ప్రోగ్రెస్ కార్డు చూడాలి, టీచర్‌తో రెండు ముక్కలు మాట్లాడాలి, ఆయన అడిగింది అంతే. రిసెప్షన్‌లో అమ్మాయి "మేడం వద్దన్నారండి" అంది. ఏ మేడం? ఆ పాప వాళ్లమ్మ. "పోనీ కార్డు ఫోటో తీసుకుంటానమ్మా" అంటే "ఫీజు ఆవిడే కడుతున్నారు కదండీ, కార్డు ఆవిడకే ఇస్తాం" అంది. బయటికొస్తే వాచ్‌మన్ "నాకేటి తెలుసు బాబూ, ఆఫీసోళ్లు చెప్పినట్టు సెయ్యాలి" అని ఒక ప్లాస్టిక్ కుర్చీ వేశాడు. ఆ కుర్చీలో కూర్చున్న మనిషి పక్కనుంచే మిగతా తల్లిదండ్రులందరూ లోపలికి వెళ్తున్నారు, పిల్లలు చూస్తున్నారు. సోమవారం క్లాసులో ఒక పిల్లాడు "మీ డాడీని ఎందుకు రానివ్వలేదు?" అని అందరి ముందూ అడిగితే ఆ పాప ఏం చెప్పాలో తెలీక పెన్సిల్ బాక్సు మూత తీస్తూ మూస్తూ ఉండిపోయింది.

మగాళ్ల తరఫున వకాల్తా పుచ్చుకున్నానని అనుకునేవాళ్లు ఇది కూడా వినండి. శ్రీకాకుళం నుంచి పొద్దున్నే బస్సెక్కి ఒకావిడ వచ్చింది, కొడుకు పెందుర్తిలో నాన్నమ్మ దగ్గర ఉంటాడు. అడ్మిషన్ ఫారంలో ఉన్నది తండ్రి సంతకం, వాట్సాప్ గ్రూపులో ఉన్నది తండ్రి నంబరు, కాబట్టి ఆమెకి ఏమీ చెప్పం అన్నారు. కన్నతల్లికి! ఆ బాబుకి లెక్కల్లో మార్కులు ఎందుకు పడిపోయాయో అడగడానికి వచ్చిన మనిషిని "మీరెవరో మాకెలా తెలుస్తుందండీ" అని అడిగారు.

చట్టం ఏమంటుందో చూద్దాం. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం ఆరో సెక్షన్ ప్రకారం బిడ్డకి సహజ సంరక్షకుడు తండ్రి, ఆయన తర్వాత తల్లి, అయిదేళ్లు నిండని పిల్లలు మాత్రం మామూలుగా తల్లి దగ్గరే ఉండాలి. తండ్రి బతికి ఉన్నా సరే, ఆయన బిడ్డని పట్టించుకోని పరిస్థితుల్లో తల్లి సంరక్షకురాలిగా వ్యవహరించవచ్చని సుప్రీంకోర్టు 1999లోనే గీతా హరిహరన్ కేసులో చెప్పింది. మతంతో పని లేకుండా అందరికీ వర్తించే 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టమైనా అంతే, అన్నిటికంటే ముందు చూడాల్సింది బిడ్డ మేలు. భార్యాభర్తలు వేరే ఇళ్లలో ఉంటున్నారనో, విడాకుల కేసు నడుస్తోందనో, ఆఖరికి విడాకులు మంజూరయ్యాయనో ఒకరి తల్లితనం, తండ్రితనం రద్దయిపోవు. కస్టడీ ఒకరికి ఇచ్చారంటే బిడ్డ వాళ్ల ఇంట్లో ఉంటుందని, అంతేగానీ రెండో మనిషి బిడ్డకి పరాయివాడైపోయాడని కాదు. 2020లో యశితా సాహు కేసులో సుప్రీంకోర్టు ఇంకా గట్టిగా చెప్పింది: తల్లిదండ్రులిద్దరి ప్రేమా పొందడం బిడ్డకి ఉన్న మానవ హక్కు అని. బిడ్డ హక్కు. ఈ సంగతి మన స్కూళ్లకి ఎవరు చెప్తారు?

అలాగని ఎవరు పడితే వాళ్లు తరగతి గదిలోకి వెళ్లి కూర్చోవచ్చని నేను అనడం లేదు. క్లాసు జరుగుతుండగా లోపలికి వచ్చి వెనక బెంచీలో కూర్చునే హక్కు నాకు తెలిసి మన చట్టాల్లో ఎక్కడా రాసి లేదు, కలిసి కాపురం చేసుకుంటున్న తల్లిదండ్రులకి కూడా లేదు. అది స్కూలు నిబంధనల బట్టి, ప్రిన్సిపాల్ అనుమతి బట్టి ఉంటుంది. నలభై మంది పిల్లల చదువు మధ్యలో ఒకరి కుటుంబ గొడవ రాకూడదు, టీచర్‌గా నేను దానికి ఒప్పుకోను. కానీ ఓపెన్ హౌస్ రోజు అందరు తల్లిదండ్రులనీ క్లాసులోకి పిలిచి, నోటుబుక్కులు చూపించి, గోడల మీద పిల్లల బొమ్మలు చూపిస్తున్నప్పుడు ఒక్క మనిషిని మాత్రం ఏ కాగితమూ లేకుండా గేటు దగ్గర నిలబెట్టడం వేరే సంగతి. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా ప్రభుత్వ బడుల్లో మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టి తల్లిదండ్రులు రండి రండి అని పిలిచారు కదా, మంచి పని. ఆ పిలుపు విడిగా ఉంటున్న ఇద్దరికీ వెళ్లేలా చూడాల్సింది బడే.

స్కూళ్ల భయం నాకు తెలుసు. "పిల్లని ఎత్తుకుపోతే ఎవరండీ జవాబుదారీ? పోలీసులు మా మీద పడతారు" అంటారు. నిజమే, ఆ భయం ఉత్త భయం కాదు. అయితే బిడ్డని బయటికి తీసుకెళ్లడం వేరు, బిడ్డ టీచర్‌తో మాట్లాడటం వేరు. సాయంత్రం పిల్లని ఎవరికి అప్పగించాలో రాతపూర్వకంగా ఉండాలి, దాంట్లో ఎంత గట్టిగా ఉంటే అంత మంచిది. ఆ భయం పేరు చెప్పి ప్రోగ్రెస్ కార్డు దాచేస్తే ఎలా? ప్రోగ్రెస్ కార్డుతో ఎవరూ ఎవర్నీ ఎత్తుకుపోరు.

ఇక నిజంగా ఆపాల్సిన మనుషులూ ఉన్నారు, వాళ్ల గురించి మెత్తగా మాట్లాడే ఉద్దేశం నాకు లేదు. తాగి వచ్చి గేటు దగ్గర భార్యని బూతులు తిట్టేవాడు, పిల్లల్ని కొట్టినవాడు, పిల్లని అడ్డం పెట్టుకుని కేసు వెనక్కి తీసుకోమని బెదిరించేవాడు. వీళ్ల కోసమే 2005 నాటి గృహ హింస చట్టం ఉంది. దాని 18వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు రక్షణ ఉత్తర్వు ఇస్తే, హింసకు గురైంది బిడ్డ అయితే ఆ మనిషి బిడ్డ చదివే స్కూల్లోకి అడుగు పెట్టకుండా నిషేధించవచ్చు, చట్టంలో స్కూలు అనే మాటే ఉంది. 21వ సెక్షన్ కింద తాత్కాలిక కస్టడీ ఇవ్వొచ్చు, కలవడం బిడ్డకి హాని అనుకుంటే కలవనివ్వకుండా ఆపొచ్చు. అలాంటి ఆర్డర్ ఉన్న తల్లి దాని సర్టిఫైడ్ కాపీ ఆఫీసులో ఇస్తే స్కూలు అక్షరం పొల్లుపోకుండా పాటించి తీరాలి. అవతలివాళ్లు ఎంత పలుకుబడి ఉన్నవాళ్లైనా, ఎంత పెద్ద మనిషితో ఫోన్ చేయించినా సరే. చేతికి ఆర్డర్ వచ్చేలోపే ప్రమాదం కళ్ల ముందు కనబడితే పోలీసులని పిలవండి, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

ఫీజు గురించి ఒక మాట. ఫీజు కట్టినవాళ్లకే బిడ్డ సమాచారం అనేది కొట్టు లెక్క, బడి లెక్క కాదు. అలాగే నెలనెలా ఇవ్వాల్సిన మెయింటెనెన్స్ ఎగ్గొట్టి, స్కూలు యానివర్సరీ రోజు మాత్రం మొదటి వరసలో కూర్చుని ఫోటోలు దిగే తండ్రులనీ చూశాను, వాళ్లంటే నాకు గౌరవం లేదు. కానీ ఆ బాకీ వసూలు చేయాల్సింది కోర్టు, రిసెప్షన్ కౌంటరు కాదు.

అమెరికాలో టీచర్‌గా చేస్తున్న మా పెద్దమ్మ కూతురితో ఈ విషయం మాట్లాడాను. అక్కడ 1974 నుంచే ఫెర్పా అని ఒక చట్టం ఉంది. దాని ప్రకారం కోర్టు ఆర్డరో, అలాంటి చట్టబద్ధమైన కాగితమో స్పష్టంగా వద్దని చెప్తే తప్ప, బిడ్డ ఎవరి దగ్గర ఉన్నా సరే స్కూలు రికార్డులు తల్లికీ తండ్రికీ ఇద్దరికీ చూపించాలి. క్లాసులో కూర్చునే హక్కు ఆ చట్టం ఇవ్వదు, అది అక్కడి రాష్ట్రాన్ని బట్టి, స్కూలుని బట్టి ఉంటుంది. మనకీ ఇంత సూటిగా ఒక్క నిబంధన ఉంటే ఆ రిసెప్షన్ అమ్మాయికి కూడా టెన్షన్ ఉండదు, పాపం తనేం చేస్తుంది, చెప్పింది చేస్తుంది.

కేసుల్లో ఉన్నవాళ్లకి నా విన్నపం ఒకటే. ఫ్యామిలీ కోర్టులో విజిటేషన్, అంటే బిడ్డని కలిసే వీలు, అడిగేటప్పుడు ఆదివారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా, సంక్రాంతి సెలవుల్లో సగం, వేసవి సెలవుల్లో సగం అని రాయించుకుంటున్నారు, స్కూలు మాట మాత్రం మర్చిపోతున్నారు. మీ లాయరు గారికి గుర్తు చేసి పేరెంట్స్ మీటింగుకి వెళ్లడం, ప్రోగ్రెస్ కార్డు కాపీ, యానివర్సరీ, స్పోర్ట్స్ డే, ఒంట్లో బాగోకపోతే ఇద్దరికీ ఫోన్, ఇవన్నీ పిటిషన్‌లోనే అడగండి. హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ కస్టడీతో పాటు పిల్లల చదువు గురించి కూడా ఆర్డర్ ఇచ్చే అధికారం కోర్టుకి ఇస్తోంది, కేసు నడుస్తుండగానే మధ్యంతరంగా కూడా ఇవ్వొచ్చు. పిల్లల పోషణ, చదువుల గురించి వేసిన దరఖాస్తుని అవతలివాళ్లకి నోటీసు అందిన 60 రోజుల్లో వీలైనంతవరకు తేల్చాలని కూడా అందులోనే ఉంది. పాత ఆర్డర్‌లో స్కూలు ఊసు లేకపోతే మార్చమని మళ్లీ అడగొచ్చు. లాయరుకి డబ్బుల్లేవని ఆగిపోకండి, న్యాయ సేవల హెల్ప్‌లైన్ 15100, ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సాయం అందుతుంది.

స్కూళ్లని అడిగేది ఇంకా చిన్నది. అడ్మిషన్ ఫారంలో తల్లి నంబరు, తండ్రి నంబరు రెండూ తీసుకోండి, మెసేజ్‌లు రెండిటికీ పంపండి. ఎవరైనా వచ్చి "వాళ్లని రానివ్వకండి" అంటే మర్యాదగా "ఆర్డర్ కాపీ ఇవ్వండి, ఫైల్లో పెడతాం" అనండి. ఈ రెండూ కాగితం మీద పెట్టి మా ప్రిన్సిపాల్ గారికి ఇచ్చాను, జూన్ అడ్మిషన్ల ఫారాలు ప్రింటుకి వెళ్లేలోపు చేరుద్దామన్నారు. మీ పిల్లల స్కూల్లో ఎలా ఉందో కనుక్కుని కామెంట్లో రాయండి, స్కూలు పేరూ పిల్లల పేర్లూ మాత్రం రాయకండి.