ముఖం చూసి గుడ్లిచ్చే కెమెరా గారికి

ఆధార్ ఫోటోతో ముఖం కలిస్తేనే గుడ్లిమ్మనే, అంగన్‌వాడీ ఫోన్లో కొలువుదీరిన కెమెరా గారికి, నమస్కారాలు.

నిన్న మధ్యాహ్నం నాలుగుసార్లు తమరి దర్శనానికి నిలబడ్డానండి, ఎనిమిదో నెలతో. ముందు గుమ్మంలో, తర్వాత సిగ్నల్ కోసం వేపచెట్టు కింద, ఆ తర్వాత ఎండకి ఎదురుగా. కళ్ళు ఆర్పమన్నారు, ఆర్పాను. బొట్టు తీసి చూడమని ఆయమ్మ అంటే అదీ తీశాను (మా అమ్మ చూసుంటే చీపురు తిరగేసేది). అయినా నేను నేను కాదన్నారు.

ఆధార్‌లో ఉన్నది నా పదో తరగతి ఫోటో. ఇప్పుడు నీరు పట్టి మొహం ఉబ్బింది. పలాసలో నాతో జీడిపిక్కలు ఒలిచినవాళ్ళు దూరం నుంచే పోల్చుకుంటున్నారు. అంతెందుకు, టీచరమ్మ నాకు ఇదే గదిలో అ ఆలు దిద్దించింది. ఆవిడ మాట చెల్లదట, మీ మాటే చెల్లుతుందట. "ఏటైందో, ఇంకోపాలి చూడమ్మా" అంటూ మిమ్మల్ని కొంగుతో తుడిచింది పాపం.

2013 ఆహార భద్రత చట్టం గర్భిణికి తిండి పెట్టమంది, కనీసం 6000 ఇమ్మంది. మొదటి కాన్పుకి కేంద్రం మాతృవందన పథకంలో వచ్చేది 5000, అదీ రెండు వాయిదాల్లో. సరే, దాని గురించి ఇంకోరోజు ఏడుస్తాను. ముఖం కలిస్తేనే గుడ్డు అని ఆ చట్టంలో ఏ సెక్షన్లో ఉందండీ? 2025 జులైలో తమరు తప్పనిసరి అయ్యారు, అంతే. 2024 జనవరిలో టీచర్లు సమ్మెలో ఉంటే అంగన్‌వాడీ అత్యవసర సేవ అంటూ సమ్మెల్ని నిషేధించే ఎస్మా చట్టం పెట్టారు కదా, మరి నిన్న నాకు అత్యవసరం కాలేదేం?

టీచరమ్మ మీతో కుస్తీ పట్టినంతసేపూ ఆరుగురు పిల్లలు ఒకే పలక కోసం కొట్టుకున్నారు. వాళ్ళ వయసు చదువుకి ప్రభుత్వం ఏర్పాట్లు "చేయవచ్చు" అంది 2009 విద్యా హక్కు చట్టం. చేసి తీరాలి అనలేదు లెండి.

ఒక్కటడుగుతాను. గుడ్డు కోసం కడుపుతో ఉన్న మనిషి దొంగలా నిలబడి నేను నేనేనని రుజువు చేసుకోవాలా? దొంగ లెక్కలు రాసే చోట పట్టుకో, వెళ్ళు. ఇంత పొట్ట ఎదురుగా ఉంటే నీకు కనబళ్ళేదా?

రేపు ఓటీపీతో మళ్ళీ మొదట్నుంచి చేద్దామంది టీచరమ్మ. ఆ ఓటీపీ పోయేది చెన్నైలో మా ఆయన ఫోన్‌కి. నైట్ డ్యూటీ చేసొస్తాడు, పదకొండు దాకా పడుకోవద్దని చెప్పాను. వస్తాను. బొట్టు మాత్రం తీయను.