ఆవు ఎముక పొడిపై ఆ ఫార్వర్డ్‌లో నిజమెంత?

"పంటి ఇంప్లాంట్ కోసం దవడలో ఆవు ఎముక పొడి పెట్టించుకుంటే మ్యాడ్ కౌ జబ్బు వస్తుంది. పైగా అది ఏళ్లయినా కరగదు, అంటే పనిచేయనట్టే. పంది ఎముక వేయించుకోండి, నెలల్లో మీ సొంత ఎముకైపోతుంది." వాట్సాప్‌లో తిరుగుతున్న మెసేజ్ సారాంశం ఇదీ.

మొదట జబ్బు మాట. దానికి కారణమైన ప్రియాన్లు, అంటే రూపం చెడిన మాంసకృత్తులు, మామూలు స్టెరిలైజేషన్‌కు లొంగవన్నది నిజమే. అందుకే తయారీలో మాంసకృత్తులు, కొవ్వు పోయేలా వేడి, క్షారం వాడి ఖనిజాన్ని మాత్రమే మిగులుస్తారు. బయో-ఓస్ అనే బ్రాండు పొడి అలాంటిదే. సెరాబోన్ అనే మరో బ్రాండునైతే 1200 డిగ్రీలకు పైగా కాలుస్తారు. పశువులను కూడా ఆ జబ్బు ముప్పు అతి తక్కువున్న దేశాల నుంచే తీసుకుంటారు. దశాబ్దాలుగా వాడుతున్నా, ఈ పొడి వల్ల ఆ జబ్బు సోకినట్టు తేలిన కేసు ఒక్కటీ లేదు.

ఇక కరగకపోవడం. అసలు తప్పు ఇక్కడే ఉంది. పన్ను తీసిన ఏడాదిలో ఆ చోట దవడ గట్టు వెడల్పు దాదాపు సగం తగ్గిపోవచ్చు. పాదుకు పందిరిలా, గట్టు కుంగకుండా నిలబెట్టడమే ఈ పొడి పని. దాని మీద ఎముకను కట్టేది మన కణాలే. పందిరి త్వరగా కూలితే గట్టూ కుంగుతుంది. సైనస్ లిఫ్ట్ (పై దవడ మీది సైనస్ అడుగును పైకెత్తి, ఆ చోట పొడి నింపడం) చేసిన 11 ఏళ్లకు తీసిన నమూనాల్లో బయో-ఓస్ రేణువులు ఇంకా కనిపించాయి, వాటి చుట్టూ కొత్త ఎముక పెరిగి ఉంది. అయితే చుట్టూ గోడలు గట్టిగా ఉన్న గుంటకు త్వరగా కరిగేదైనా సరిపోతుంది.

పందిదైనా అంతే, అదేమీ మన ఎముకగా మారిపోదు. జెన్-ఓస్ అనే పంది ఎముక పొడిలో కొల్లాజెన్‌ను (ఎముకలోని మాంసకృత్తును) ఉంచుతారు, అందుకే అది త్వరగా కరుగుతుంది. పంది ఎముకతోనే ఖనిజం మాత్రమే మిగిలేలా చేసిన పొడులూ ఉన్నాయి. ఏ జంతువన్నదాని కన్నా, ఎలా శుద్ధి చేశారన్నదే ముఖ్యం.

మెసేజ్ రాసినాయన అడగాల్సిన ప్రశ్న మాత్రం అడగలేదు. ఆవుదీ పందిదీ తమ నమ్మకానికి సరిపడని వాళ్లు మన దగ్గర తక్కువేం కాదు. సమ్మతి పత్రంలో "జెనోగ్రాఫ్ట్" (జంతువు నుంచి తీసినది) అని ఒక్క మాట రాసి సంతకం పెట్టించుకుంటే పేషెంట్‌కు ఏం అర్థమవుతుంది? ఏ జంతువుదో సర్జరీకి ముందే డాక్టర్‌ని అడగండి. వద్దనుకుంటే బీటా ట్రైకాల్షియం ఫాస్ఫేట్ లాంటి కృత్రిమ పొడులున్నాయి. మీ గడ్డం నుంచో, దవడ వెనక నుంచో ఎముక తీసి వాడొచ్చు, కాకపోతే ఇంకో చోట కోత తప్పదు. ఏది వేసినా పెట్టె మీది లాట్ నంబర్ స్టిక్కర్ మీ ఫైల్లో అంటించమనండి.