బల్లపరుపు గాజు ఏమీ చెయ్యదా?

లెన్స్‌కీ తెరకీ మధ్య గాజు దిమ్మె పెడితే ఏమవుతుందని పదో తరగతి పిల్లల్ని అడగండి. "ఏం కాదు సార్, కిరణం మళ్లా సమాంతరంగానే బయటికొస్తది" అంటారు. నల్లగొండలో కెమెరా సామాన్లు అమ్మే షాపుకి పోతే ఇంకో మాట: "లెన్స్ ముందు ఫిల్టర్ పెట్టకండి, ఫోకస్ దెబ్బతింటది." రెండూ తప్పే. పిల్లల మీద నాకు కోపం లేదు, మనం చెప్పే తీరు మీదే.

మన ల్యాబుల్లో కుంభాకార కటకం ఒక ప్రయోగం, గాజు దిమ్మె ఇంకో ప్రయోగం. పిన్నులు గుచ్చాలి, కిరణం పక్కకి ఎంత జరిగిందో కొలవాలి, రికార్డు రాయాలి, సంతకం పెట్టించుకోవాలి. ఆ రెండు వస్తువులూ ఒకే బల్ల మీదికి మాత్రం ఎప్పుడూ రావు!

ఒక్కసారి రప్పించి చూడండి. 20 సెంటీమీటర్ల నాభ్యంతరం ఉన్న కటకంతో లతీఫ్ సాహెబ్ గుట్టని తెల్ల కాగితం మీద పట్టండి. గుట్ట తలకిందులుగా, తేటగా పడుతుంది. ఇప్పుడు 18 మిల్లీమీటర్ల మందం దిమ్మెని మధ్యలో అడ్డంగా నిలబెట్టండి. బొమ్మ మసకబారుతుంది. కాగితాన్ని 6 మిల్లీమీటర్లు వెనక్కి, అంటే కటకానికి దూరంగా, జరిపితే మళ్లీ తేటపడుతుంది. వక్రీభవన గుణకం 1.5 ఉన్న గాజు తన మందంలో మూడో వంతు దూరం ప్రతిబింబాన్ని వెనక్కి నెడుతుంది. దిమ్మె కటకం దగ్గరున్నా, కాగితం దగ్గరున్నా అంతే నెడుతుంది. నాకైతే ఇందులో అన్నిటికన్నా నచ్చేది ఇదే. ఒక్క కిరణాన్నే చూస్తే పక్కకి జరిగిందంటాం, అంతే. ఒక బిందువు వైపు ముడుచుకుంటున్న కిరణాలన్నీ అలా తలా కొంత జరిగితే అవి కలిసే చోటే మారిపోతుంది.

మరి ఫిల్టర్? అదీ బల్లపరుపు గాజే. దూరం నుంచి వచ్చే కిరణాలు దాదాపు సమాంతరం. గాజు దాటాక కూడా అదే దిశ, అందుకే ఫోకస్ కదలదు. పూత లేని గాజైతే ఒక్కో ముఖం దగ్గర 4 శాతం వెలుతురు వెనక్కి తిరుగుతుంది. పెళ్లి మండపం లైట్లకి ఫోటోలో పడే మచ్చలు దాని పనే. గాజే నాసిరకమైతే అది వేరే సంగతి. అదే గాజు లెన్స్ వెనక ఉంటే మాత్రం లెక్క మారుతుంది. ఇన్‌ఫ్రారెడ్ ఫోటోల కోసం సెన్సర్ ముందుండే పలచని గాజుని పీకేసి ఊరుకుంటే ఫోకస్ తప్పుతుంది. దాని బదులు తగిన మందంలో ఇంకోటి వేయాల్సిందే.

బయాలజీ ల్యాబులో మైక్రోస్కోప్ ఆబ్జెక్టివ్ (స్లైడుకి దగ్గరగా ఉండే లెన్స్) మీద 0.17 అని చెక్కి ఉంటుంది చూడండి. అది కవర్ స్లిప్ (స్లైడు మీద కప్పే పలచని గాజు) మందం, మిల్లీమీటర్లలో. ఏటవాలు కిరణాలని గాజు ఇంకా ఎక్కువ జరుపుతుంది. 45 డిగ్రీల దగ్గర మూడో వంతు కాస్తా సగానికి దగ్గరవుతుంది. అందుకే ఆ మందాన్ని లెక్కలో పెట్టుకునే ఆ లెన్స్ చేస్తారు. రెండు కవర్ స్లిప్పులు అంటుకుని ఉంటే 40 ఎక్స్ ఆబ్జెక్టివ్ కింద స్క్రూ ఎంత తిప్పినా బొమ్మ పూర్తిగా తేటపడదు. తిట్లు మాత్రం స్క్రూ తిప్పడం రాలేదని పిల్లలకి.