తూరానీయులకూ మొక్కిన అవెస్తా

ఆర్యులు అనగానే మనకు బడిలో చదివిన ఖైబర్ కనుమో, హిట్లరో గుర్తొస్తారు. ఆ రెంటినీ కాసేపు పక్కనపెట్టి, జొరాస్ట్రియన్ల పవిత్ర గ్రంథం అవెస్తాలో ‘ఐర్య’ ఎవరో చూద్దాం.

ఆ మతానికి మూలపురుషుడైన జరతుష్ట్ర స్వయంగా చెప్పినవిగా భావించే 17 గాథల్లో ఈ మాట జాతి పేరుగా కనిపించదు. అక్కడ గొడవంతా ‘అష’కీ ‘ద్రుజ్’కీ, అంటే సత్యానికీ అబద్ధానికీ మధ్యే. పైగా ఆ గాథల్లో ఒకటైన యస్న 46లో, తర్వాత ఐర్యులకు శత్రువులుగా కనిపించే తూరానీయుల్లో ఒకడైన ఫ్ర్యానుడి వంశాన్ని మెచ్చుకోలుగా తలుచుకుంటాడాయన.

యష్తులనే స్తోత్రాల దగ్గరికొచ్చేసరికి ‘ఐర్య’ మాట జోరందుకుంటుంది. ఐర్యులకు దేశాలున్నాయి, ‘ఖ్వరెన’ అనే తేజస్సు ఉంది. దాన్ని కాజేయాలని తూరానీయుడు ఫ్రంగ్రస్యానుడు (తర్వాతి కథల్లో అఫ్రాసియాబ్) బట్టలు విప్పేసి ఓరుకష సముద్రంలోకి మూడుసార్లు దూకుతాడు. మూడుసార్లూ అది చేజారిపోతుంది, తిట్టుకుంటూ పైకొస్తాడు. తమదైన తేజస్సు పరాయివాడికి దక్కదన్న గర్వం ఈ కథలో దాగదు. వంశాభిమానం లేదని బుకాయించక్కర్లేదు.

కానీ పుట్టుక ఒక్కటే సరిపోతే యిముడి కథ ఎందుకు? మన యముడికి వరసయ్యే ఆ రాజు అబద్ధమాడగానే అదే తేజస్సు పక్షిరూపంలో ఎగిరిపోయింది. ఇక ఫర్వర్దీన్ యష్తు చివర్లో పుణ్యాత్ములకు మొక్కేచోట ఐర్య దేశాల పురుషులకూ స్త్రీలకూ విడివిడిగా వందనం చేసి, వెంటనే తూరానీయ దేశాల పురుషులకూ స్త్రీలకూ అలాగే చేస్తారు. తర్వాత సైరిమ, సాయిని, దాహి దేశాలవాళ్లకు. శత్రువు ఊళ్లోని పుణ్యాత్మురాలికి కూడా లెక్కగా ఒక మొక్కు! అవెస్తాలో నన్ను అన్నిటికన్నా ఆపేసే చోటు ఇదే.

రాజుల శాసనాల్లో ఈ మెత్తదనం ఉండదు. ఇరాన్‌లోని నక్ష్-ఎ రుస్తం శాసనంలో పారశీక చక్రవర్తి దారియస్ తాను పార్శీకుణ్ణనీ, పార్శీకుడి కొడుకుననీ, ఆర్యుణ్ణనీ, ఆర్య సంతతివాణ్ణనీ వరుసగా చెప్పుకుంటాడు. క్రీ.శ. 3వ శతాబ్దంలో ఇరాన్‌ను ఏలిన మొదటి షాపూర్ ‘ఇరాన్, అనిరాన్ రాజాధిరాజు’ అనిపించుకున్నాడు. ఇరాన్ అంటే ఆర్యుల నేల, అనిరాన్ అంటే ఆర్యులు కానివాళ్ల నేల. 1935లో అక్కడి రాజు రెజా షా తమ దేశాన్ని పర్షియా అనకుండా ఇరాన్ అనే పిలవమని విదేశాలను కోరినప్పుడు ముందుకొచ్చింది ఈ రాజుల వారసత్వమే. ఫర్వర్దీన్ యష్తులోని ఆ ఐదు దేశాల జాబితా మాత్రం ప్రార్థన పుస్తకంలోనే ఉండిపోయింది.