బిళ్ళగన్నేరు గారికి ఒక ఫిర్యాదు

గౌరవనీయులైన బిళ్ళగన్నేరు గారికి, నమస్కరించి వ్రాయునది.

మీరు క్షేమంగా ఉన్నారా అని అడగనక్కర్లేదు, కళ్ళారా చూస్తూనే ఉన్నాను. ఆసుపత్రి ప్రహరీ పగుళ్ళలో, మురుగుకాలువ గట్టున, శ్మశానంలో, ఎవరూ నీళ్ళు పోయకపోయినా పన్నెండు నెలలూ పూస్తారు. మేకలు కూడా వాసన చూసి పక్కకు తప్పుకుంటాయి. ఇంత సమృద్ధిగా ఉన్న మీరు నిన్న మధ్యాహ్నం మాత్రం ఎక్కడా దొరకలేదు. మా మేనల్లుడికి డాక్టరు రాసిచ్చిన, మీ ఆకు నుంచే తీసే విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ ఇంజెక్షన్ కోసం ఊరంతా తిరిగాను. ఒక దుకాణదారు ఫ్రిజ్ తలుపు తీసి, ఇన్సులిన్ డబ్బాలను ఒక్కొక్కటిగా పక్కకు జరిపి, వెనక ఖాళీగా ఉన్న అరను వేలితో తట్టి చూపించాడు. "సోమవారం కనుక్కోండి" అన్నాడు. రక్త క్యాన్సర్‌కు వారాలూ వర్జ్యాలూ తెలుసా అండీ?

విషపు మొక్కలన్నింటి మీదా నాకు కోపం లేదు. ఉమ్మెత్త గారిలో ఉన్న అట్రోపిన్, పురుగుమందు తాగి వచ్చినవాళ్ళను బతికిస్తుంది. పసిఫిక్ యూ చెట్టు గారు టాక్సాల్ అనే క్యాన్సర్ మందు కోసం బెరడు ఒలిపించుకుని ప్రాణాలే వదిలారు. పాపం, ఆవిడను ఏమంటాం?

మీ పిసినారితనమే మింగుడు పడటం లేదు. పెద్దవాళ్ళకైనా ఒక మోతాదు మామూలుగా 2 మిల్లీగ్రాములు దాటదు. అలాంటి మందు ఒక్క గ్రాము తీయాలంటే వందల కిలోల ఎండుటాకు కావాలట! కాథరాంతిన్, విండోలిన్ అనే రెండు సరుకులు కలిస్తేనే ఆ మందుకు దారి. మీరేమో మొదటిదాన్ని ఆకు పైనున్న మైనపు పొరలో, రెండోదాన్ని ఆకు లోపలి కణాల్లో ఉంచి, ఒకే ఇంట్లో వేరు కాపురం పెట్టిన తోడికోడళ్ళలా ఒకరి మొహం ఒకరు చూసుకోనివ్వరు. రెండూ మీ ఇంట్లోనే ఉన్నాయి కదా, కలపడానికేం రోగం? 2022లో శాస్త్రవేత్తలు మీ జన్యువులను ఈస్టుకు ఎక్కించి, ఆ రెండు సరుకులూ దానిచేత చేయించి, బయట కలిపి, విన్‌క్రిస్టిన్‌కు తోబుట్టువైన విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందు తయారుచేశారు. పిండి పులియబెట్టే ఈస్టు పాటి ఇంగితం మీకు లేకపోయింది. (అదైనా ఇంకా మా ఊరి దాకా రాలేదనుకోండి.)

పైగా మిమ్మల్ని పిలిచింది ఒక పనికి, మీరు చేసింది ఇంకొకటి. జమైకాలో షుగరుకు తాగే కషాయమని మీ ఆకు కెనడా చేరితే, రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అనే శాస్త్రవేత్తలు ఎలుకల మీద పరీక్షించారు. చక్కెర తగ్గలేదు, రక్తంలో తెల్లకణాలు పడిపోయాయి (రక్త క్యాన్సర్‌లో అదుపు తప్పి పెరిగేవి అవే). 1958లో విన్‌బ్లాస్టిన్ లోకానికి తెలిసింది అలాగే. మా వీధిలో ఇప్పటికీ షుగరుకని పరగడుపున మీ ఆకు నమిలేవాళ్ళున్నారు. ఆ ఎలుకల సంగతి వాళ్ళ చెవిన ఎవరూ వేయలేదు.

సరే, ఆకులో మందు తక్కువ, ఒప్పుకున్నాను. మరి 2019లో అమెరికాలో ఏమైంది? అప్పట్లో అక్కడ విన్‌క్రిస్టిన్ సరఫరా చేసినవి రెండే కంపెనీలు. టెవా వ్యాపార నిర్ణయమంటూ తప్పుకుంది. మిగిలిన ఫైజర్ సరుకు సమయానికి రాలేదు. ఏ బిడ్డకు ఇవ్వాలి, ఏ బిడ్డకు ఆపాలి అని పిల్లల డాక్టర్లు లెక్కలు వేసుకోవలసి వచ్చింది. అంత డబ్బున్న దేశంలో! 1963 నుంచి వాడుతున్న మందు. పేటెంటు ఎప్పుడో పోయింది, ధర తక్కువ, లాభం అంతకన్నా తక్కువ. కొత్త మందు లక్షల్లో అమ్ముడుపోతుందంటే పరుగెత్తుకొచ్చే దొరలు, పసిపిల్లలను బతికించే చవక మందు దగ్గర మాత్రం చేతులు దులుపుకుంటారు. సిగ్గులేని వ్యాపారం. నువ్వు గోడ పగుల్లో మట్టి కూడా లేకుండా బతికి ఇంత ఇస్తున్నావు, ఫ్యాక్టరీలున్న వాళ్ళకేం తక్కువైంది?

(మర్యాద జారిపోయింది. జారనీ.)

ఈ ఉత్తరం వాళ్ళకే రాద్దామనుకున్నాను. ఏ దేశంలో ఏ అంతస్తులో ఎవరు చదువుతారో, చదివినా ఎవరికి పంపిస్తారో. నువ్వయితే రోడ్డు పక్కనే ఉంటావు, ఎంత తిట్టినా పడతావు. అందుకని నీకు రాశాను. ఏమీ అనుకోకు.

ఇట్లు,
ఒక మేనమామ