పెంచుకోవచ్చు, పోవచ్చు

డబ్బులిచ్చి కొన్న కంప్యూటర్ ప్రాసెసర్ అట్టపెట్టె మీద అన్‌లాక్డ్ అని గొప్పగా రాసి ఉంటుంది, అంటే కంపెనీ పెట్టిన హద్దు దాటి స్పీడు పెంచుకోవచ్చు అని, దీన్నే ఓవర్‌క్లాకింగ్ అంటారు. తీరా పెంచడానికి కూర్చుంటే తెర మీద ఇంకో కాగితం ప్రత్యక్షమవుతుంది, పెంచితే వారంటీ పోవచ్చు అని. ఒక ‘వచ్చు’ అమ్మేటప్పుడు, రెండో ‘వచ్చు’ వాడేటప్పుడు. ‘ఒప్పుకుంటున్నాను’ నొక్కితేగానీ కథ కదలదు, మనమూ నొక్కేస్తాం, ఇన్నేళ్ళలో ఏదైనా చదివి నొక్కామా కనక.

నాది 2019లో కొన్న ఇంటెల్ ఐ5-9600కె. లోపలున్న ఆరు కోర్లూ (పని చేసే భాగాలు) కలిసి పరిగెడితే 4.3 గిగాహెర్ట్జ్. చివర్న ఉన్న ఆ ‘కె’ మామూలు అక్షరం కాదు, అది లేని చిప్‌లో మల్టిప్లయర్‌కి, అంటే మూల స్పీడుని ఎన్నింతలు చెయ్యాలో చెప్పే అంకెకి, తాళం వేసి పంపుతారు. కె ఉన్నంత మాత్రాన చాలదు, ఆ తాళం తిరగాలంటే జెడ్ రకం మదర్‌బోర్డు ఉండాలి, అదింకో ఖర్చు. ఇక కె కొన్నవాళ్ళకి పెట్టెలో కూలర్ ఇవ్వరు. తక్కువ పెట్టి కొన్నవాడికి ఫ్యాన్ ఉచితం, ఎక్కువ పెట్టినవాడు బయట కొనుక్కోవాలి, మర్యాద అలా ఉంటుంది. ఇంతకీ ఈ యంత్రం మీద నేను చేసే మహత్కార్యం మా అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ లెక్కలు. 32 ఫ్లాట్లు, ఒక ఎక్సెల్ షీటు.

అయినా మా మేనల్లుడు ఊరుకోడు. “మావయ్యా, ఆ కెని అలా ఊరికే కూర్చోబెట్టారేంటండీ” అని ఎప్పుడు ఫోన్ చేసినా అదే గొడవ. పెళ్ళికాని పిల్ల గురించి కూడా ఎవరూ ఇంత బెంగపడరు. సరే, మే నెలలో ఒక రాత్రి (ముహూర్తం వాడిదే, హైదరాబాదులో రాత్రి పదకొండుకి కూడా గోడలు వేడిగానే ఉన్నాయి) బయాస్ (విండోస్ రాకముందే వచ్చే సెట్టింగుల తెర) తెరిచి, వాడు ఫోన్లో చెప్తుంటే మల్టిప్లయర్ 50 చేశాను, 100 మెగాహెర్ట్జ్ ఇంటూ 50, అంటే 5 గిగాహెర్ట్జ్. వోల్టేజ్ 1.3. విండోస్ వచ్చింది. పరీక్ష కోసం ప్రైమ్95 అని, ప్రాసెసర్‌ని ఊపిరాడకుండా పనిచేయించే ప్రోగ్రాం మొదలుపెట్టాను. రెండు నిమిషాలకి నీలం తెర, దాని మీద ఏడుపు ముఖం.

“వోల్టేజ్ చాలట్లేదండీ, ఇంకొంచెం వెయ్యండి.” ఉప్పు సంగతి చెప్పినట్టే చెప్పాడు. 1.35 వేశాను. ఈసారి ఆగిపోలేదు, కాగిపోయింది. 78, 86, 93 డిగ్రీలు. “వేడెక్కిందిరా” అంటే “అయితే వోల్టేజ్ తగ్గించండి” అన్నాడు. తగ్గిస్తే మళ్ళీ ఏడుపు ముఖం. పెంచితే పొయ్యి, తగ్గిస్తే ఏడుపు, ఇలా ఒంటిగంట దాకా.

అప్పుడు నాకు హాల్లో టేబుల్ ఫ్యాన్ కనపడింది. అది అక్కడ ఖాళీగా లేదు. ఆవకాయ కోసం కొట్టించిన ముక్కలు తుడిచి, పాత చీర మీద పరిచి, చెమ్మ ఆరడానికి అమ్మ పెట్టిన ఫ్యాన్ అది. నేను దాన్ని చడీచప్పుడూ లేకుండా పట్టుకొచ్చి, క్యాబినెట్ పక్క తలుపు ఊడదీసి, మూడో నంబరు స్పీడులో కంప్యూటర్ వైపు తిప్పాను. నాలుగు డిగ్రీలు తగ్గింది! ఆ ఆనందంలో ఉండగానే వెనక అమ్మ.

“ముక్కల దగ్గర ఫ్యాన్ ఏదిరా?”

“దీనికి వేడెక్కిందమ్మా.”

“ఎంత?”

“89.”

“అంత వేడెక్కేదాకా నిన్నెవరు తిప్పమన్నారు దాన్ని?”

నా దగ్గర జవాబు లేదు, మేనల్లుడు ఫోన్లోంచి ఏదో అంటున్నాడు గానీ అమ్మ ముందు వాడి మాట ఎవరు వింటారు. ఆవిడ ఫ్యాన్ ప్లగ్గు పీకేసి తీసుకెళ్ళిపోయింది. చూస్తుండగానే 100. ఆ చిప్‌కి 100 డిగ్రీలు హద్దు, అక్కడికి చేరగానే మన అనుమతి అడక్కుండా తనే స్పీడు తగ్గించుకుంటుంది. ఇంత చేసి, 5లో మొదలైన నా గుర్రం 4.4 దగ్గర కుంటుతోంది. ఊరికే వదిలేసినా 4.3 ఇచ్చేది.

లెక్క చూడండి. 4.3 నుంచి 5కి వెళ్తే పెరిగేది 16 శాతం. కరెంటు వాడకం మాత్రం వోల్టేజ్ వర్గం లెక్కన పెరుగుతుంది, మొదటున్న 1.2 నుంచి 1.35కి వెళ్ళేసరికి, పెరిగిన స్పీడు కూడా కలిపితే దాదాపు ఒకటిన్నర రెట్లు. ఎక్సెల్ షీటు ఎప్పట్లానే తెరుచుకుంది. 304 ఫ్లాట్ వాళ్ళు 5 గిగాహెర్ట్జ్‌లో కూడా బాకీయే.

నా తెలివితక్కువతనం సంగతి సరే. అసలు ఈ ఓవర్‌క్లాకింగ్ పేదవాడి విద్య. 1998లో ఇంటెల్ చవక చిప్ సెలెరాన్ 300ఎ కొని, బస్ స్పీడు (ఆ మూల స్పీడు) 66 నుంచి 100 చేస్తే 300 మెగాహెర్ట్జ్‌ది 450లో పరిగెత్తేది, చవక చిప్‌తో ఖరీదైన చిప్ పని జరిగిపోయేది. అది చూసి కంపెనీ ఏం చేసింది? రాను రాను ఆ తలుపుకి తాళం వేసి, తాళంచెవిని విడిగా అమ్మడం మొదలుపెట్టింది. 2010లో ఇంటెల్ ఒక పెంటియం చిప్‌లో ఉన్న క్యాష్‌నీ (లోపలి చిన్న మెమొరీ) హైపర్‌థ్రెడింగ్‌నీ (ఒక కోర్ చేత రెండు పనులు చేయించే సదుపాయం) బిగించేసి, 50 డాలర్ల కార్డు కొని కోడ్ కొడితే తెరుస్తామంది. మన డబ్బుతో కొని మన టేబుల్ మీద ఉన్న సిలికాన్‌లో, ఆల్రెడీ ఉన్నదాన్ని! ఆ తర్వాత ఓవర్‌క్లాక్ చేసి చిప్ కాల్చుకుంటే మార్చిస్తామని విడిగా ఇంకో ప్లాన్ అమ్మారు, 2021లో అదీ ఎత్తేశారు. కెకి డబ్బు, జెడ్‌కి డబ్బు, కూలర్‌కి డబ్బు, చివరికి వారంటీ ‘పోవచ్చు’. పోటీ కంపెనీ ఏఎండీ ఇన్ని తాళాలు వెయ్యదు, దాని రైజెన్ చిప్‌లు చాలావరకు తెరిచే ఉంటాయి, పెంచుకుంటే వారంటీ దగ్గర మాట మాత్రం అదే. ఇక ఇంటెల్ 13, 14 తరాల చిప్‌లు జనం ముట్టుకోకుండానే ఎక్కువ వోల్టేజ్ అడిగి అడిగి పాడైపోతుంటే, నెలల తరబడి నసిగి 2024లో ఒప్పుకుని, వారంటీ రెండేళ్ళు పొడిగించింది ఇంటెల్. మనం వోల్టేజ్ పెంచితే నేరం, వాళ్ళ మైక్రోకోడ్ (చిప్‌ని నడిపించే కంపెనీ ప్రోగ్రాం) పెంచితే దానికో అప్‌డేట్. కొంచెమైనా సిగ్గుండక్కర్లేదా?

ఆ రాత్రి మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ పీకి, మళ్ళీ పెట్టి, అన్నీ మొదటికి తెచ్చి పడుకున్నాను. మేనల్లుడు మాత్రం తప్పు నా కూలర్‌దే అంటాడు.

జులైలో చిన్న జాడీ మూత తీస్తే పైన తెల్లగా బూజు. అమ్మ ఏమీ అనలేదు. ఒకసారి టేబుల్ ఫ్యాన్ వైపు, ఒకసారి నా గది వైపు చూసింది.